మీటరు సున్నా చూపెట్టిందా? జర ఆగుండ్రి

(దేవరకొండ దిక్కు ఒక ఊరి రైతు వేదికల, బోర్లున్న రైతులకు, ఐటీఐ చదివే పిల్లలకు ఒక మోటర్ వైండింగ్ మేస్త్రి చెప్పిన ముచ్చట ఇది. మాట్లాడింది మాట్లాడినట్టే రాసినం. మైకు మొరాయించిన కాడ మాత్రం రెండు మూడు మాటలు పోయినయి.)

అందరికి నమస్తే. పెద్దలు ముంగట కూసున్నరు, ఐటీఐ పోరగాండ్లు ఎనుక గోడకు ఆనుకొని నిలబడ్డరు. జర ముందటికి రాండ్రి నాయినా. ఈ బల్ల మీద చెక్క బోర్డు పెట్టిన. ఒక బల్బు, ఒక కిట్‌క్యాట్ ఫ్యూజు, ఒక స్విచ్చి, అంతే. అది కనబడకుంటె నేను చెప్పేదాంట్ల సగం గాలికి పోతది.

నేను మోటర్లు చుట్టేటోన్ని. ముప్పై ఏండ్లు దాటింది. నడుమ నాలుగేండ్లు ఐటీఐల పిల్లలకు కూడ చెప్పిన. మన దిక్కు బోరు నడిస్తేనే ఎవుసం, అందుకే మా అసొంటోళ్ళకు పనికి కరువు లేదు. యాసంగి వచ్చిందంటె నా దుకాణం ముంగట కాలిన మోటర్లు లైను కడ్తయి. మోటరుతోటి పాటు ఒక మాట కూడ వస్తది: "వోల్టేజ్ చూసినం మేస్త్రీ, మంచిగనే ఉండె." ఎట్ల చూసినవు బిడ్డా అంటె, ఒకరు టెస్టర్ వెలిగిందంటరు, ఒకరు మీటరు పెట్టినమంటరు. ఎక్కడెక్కడ పెట్టినవు అని అడిగితె మాత్రం జవాబు రాదు.

ఇయ్యాల వోల్ట్‌మీటరు భద్రంగ ఎట్ల కలపాలెనో చెప్పమన్నరు. కలుపుడు పెద్ద పని కాదు. అది చూపెట్టిన అంకెను ఎంతవరకు నమ్మాలె, అదీ అసలు ముచ్చట. రెండు ఫేజుల నడుమ మీటరు 415 వోల్టులు చూపెట్టిందనుకో, ఎవడన్న చెయ్యి పెడ్తడా? దూరం జరుగుతడు. సున్నా చూపెట్టిందనుకో, పానా తీస్కొని కూసుంటడు. అందుకే నాకు 415 అంటె అంత భయం లేదు. సున్నా అంటేనే భయం.

వోల్టేజ్ అంటె ఏందో పెద్ద మాటలల్ల చెప్పను. ఎత్తు తేడా అనుకోండ్రి. డిండి ప్రాజెక్టు కట్ట మీద నిలబడి కిందికి చూస్తె ఎంత లోతు కనబడ్తదో, గది. మీటరుకు రెండు వైర్లు ఎందుకున్నయి? ఒకటి పైన పెడితె, ఒకటి కింద పెడితె, రెండింటి నడుమ తేడా ఎంతనో చెప్పుడే దాని పని. ఇంకేం తెల్వదు దానికి. ఇప్పుడు కట్ట మీదనే ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడ్డరు. వాళ్ళిద్దరి నడుమ ఎత్తు తేడా ఎంత? సున్నా. అంటె ఇద్దరు నేల మీదున్నట్టా? (నవ్వులు) నవ్వుండ్రి, మల్ల ఈ ఇద్దరి కాడికే వస్త.

ఇగ బోర్డు చూడుండ్రి. స్విచ్చి వేసిన, బల్బు వెలిగింది. మీటరు ఎర్ర వైరు బల్బుకు ఈ కొసన, నల్లది ఆ కొసన. 232 చూపెడ్తుంది. బల్బుకు ఏమన్న ఫరక్ పడ్డదా? పడలే. మంచి డిజిటల్ మీటరు లోపట మామూలుగ కోటి ఓముల అడ్డం, అంటె రెసిస్టెన్స్, ఉంటది. కోటి! 230 వోల్టుల మీద దాంట్లకెల్లి పోయే కరెంటు ఎంతంటె, ఒక ఆంపియరును పది లక్షల ముక్కలు చేస్తె అండ్ల 23 ముక్కలు. చెరువుల కాకి ముక్కు పెట్టినట్టు. బల్బు రెండు కొసలకు ఇట్ల మీటరు కలుపుడునే పుస్తకంల ప్యారలల్ అంటరు.

ఇప్పుడు కావాలని తప్పు చేస్త. స్విచ్చి బందు పెట్టిన, బోర్డు ప్లగ్గు కూడ పీకిన. ఈ వైరు ఊడదీసి నడుమల మీటరు కలిపిన, అంటె కరెంటు మీటరులకెల్లి పోయి బల్బుకు రావాలె. మల్ల వేస్తున్న. బల్బు వెలిగిందా? (లేదు, లేదు.) మీటరు ఎంత? 231. చూసిన్రా, బల్బు చచ్చింది, మీటరు నిండుగ చూపెడ్తుంది. కోటి ఓములు అడ్డం పెడితె ఆ వోల్టేజంత మీటరు మీదనే పడ్డది, బల్బుకు మిగిలిందేం లేదు. దీంతోటి ఏది కాలది, ఐటీఐ పిల్లలకు మార్కులు పోతయి అంతే.

ఇదే బుద్ధితోటి ఫ్యూజు చూడుండ్రి. ఫ్యూజు రెండు కొసల మీద మీటరు పెట్టిన, బల్బు వెలుగుతుంది, మీటరు సున్నా. ఇగో, తీగ తెగిన కిట్‌క్యాట్ పెట్టిన. ఇప్పుడు? 231. బాగున్న ఫ్యూజు సున్నా చూపెడ్తది, పోయిన ఫ్యూజు నిండ వోల్టేజ్ చూపెడ్తది. ఉల్టా అనిపిస్తది. కాని స్విచ్చి బందు పెట్టి చూస్తె పోయిన ఫ్యూజు కూడ సున్నానే చూపెడ్తది. ఒక్క సున్నా, అర్థాలు ఎన్నో.

మంట పెట్టే తప్పు వేరే ఉంది. మీటరు కింద మూడు బొక్కలు చూడుండ్రి. నల్ల వైరు ఎప్పుడైనా కామ్ అని రాసిన దాంట్ల. ఎర్రది, వోల్టేజ్ చూడాలంటె వి అక్షరం ఉన్న దాంట్ల. మూడోది 10 ఆంపియర్లది. ఈ పసుపుపచ్చ చిన్న మీటరు మూత విప్పి తెచ్చిన, ముంగటున్నోళ్ళు చేతుల పట్టుకొని చూడుండ్రి. ఆ మూడో బొక్క కాడికెల్లి కామ్ కాడికి ఏముంది? మందపు తీగ ఒకటి, కమాను లెక్క వంగి, రెండు దిక్కుల టంకం పెట్టి ఉంది. గంతే. దానికి అడ్డం ఉన్నా లేనట్టే. కరెంటు కొలిచే పని దానిది. దాన్ని తీస్కపోయి రెండు ఫేజుల నడుమ పెడితె, రెండు ఫేజులకు ఇనుప గడ్డపార అడ్డం పెట్టినట్టే.

నేను పెట్టిన. దుకాణం పెట్టిన రెండో ఏడు. పొద్దుగాల ఒక కాడ కరెంటు చూసిన, ఎర్ర వైరు 10 ఆంపియర్ల బొక్కలనే ఉండిపోయింది. మాపటికి ఇంకో బాయికాడ స్టార్టర్ డబ్బల మూడు ఫేజులు చూద్దామని మీటరు చక్రం ఏసీ 750 వోల్టుల మీదికి తిప్పిన. చక్రం మంచిగనే తిప్పిన. వైరు మార్చుడు మర్సిపోయిన. ఎర్రది ఆర్ ఫేజు మీద, నల్లది వై ఫేజు మీద. టప్ అని ఒకటే సప్పుడు. కండ్ల ముంగటంత తెల్లగైంది. చూపు వచ్చినంక చూస్తె చేతులల్ల ప్రోబులు, అంటె మీటరు వైర్ల కొసన ఉండే పుల్లలు, ఉన్నయి, వాటి కొసలు లేవు, కరిగి ఇత్తడి గుండ్లయినయి. స్టార్టర్ టెర్మినల్ మీద సగం మరమేకు లేదు. ఇగో, ఈ ఎడమ చెయ్యి మచ్చ అప్పటిదే. తప్పు మీటరుది కాదు. ఈ చవక మీటర్ల మీద ఆ బొక్క పక్కనే "అన్‌ఫ్యూజ్డ్" అని రాసి ఉంటది. లోపట ఫ్యూజు లేదురా నాయినా అని తయారు చేసినోడే చెప్తుండు. నేను చదవలే.

అప్పటి సంది ఒక అలవాటు. కరెంటు కొలిచినంక, మీటరు కింద పెట్టకముందే ఎర్ర వైరు తీసి వి బొక్కల పెడ్త. బువ్వ తిన్నంక చెయ్యి కడిగినట్టు. వైరు ఊడదీయకుండ దాని చుట్టు పట్టకారు లెక్క పెట్టి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ కొనుక్కున్నంక అయితె ఆ 10 ఆంపియర్ల బొక్కల ఎపాక్సీ పోసి మూసేసిన. (నవ్వులు)

బొక్కల పక్కన ఇంకో రాత ఉంటది, క్యాట్ అని, అంటె ఆ మీటరు ఎక్కడ పెట్టొచ్చో చెప్పే తరగతి, పక్కన రోమన్ అంకె, దాని పక్కన 300, 600, 1000 అని వోల్టులు. ఇంట్ల ప్లగ్గులకు పెట్టేదానికి క్యాట్ 2 చాలు. మెయిన్ బోర్డు, మోటరు ప్యానెల్ కాడ క్యాట్ 3. పోలు మీదికెల్లి దిగిన సర్వీసు వైరు కాడ క్యాట్ 4. 230 అంటె అంతటా 230 కాదా అని అడుగుతరు. అంకె ఒక్కటే, కాని ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గరయిన కొద్ది షార్ట్ అయితె ఉరికొచ్చే కరెంటు ఎక్కువ. పిల్ల కాలువ గండి వేరు, పెద్ద కాలువ గండి వేరు. మన స్టార్టర్ డబ్బలు చాన చోట్ల ట్రాన్స్‌ఫార్మర్‌కు నాలుగడుగుల దూరంలనే ఉంటయి, అందుకే 600 వోల్టుల క్యాట్ 4 మీటరే కొనుమంట. ప్రోబుల మీద కూడ అదే రాత ఉండాలె. ఇగ 11 కేవీ, అంటె పదకొండు వేల వోల్టుల దిక్కు ఏ మీటరు పెట్టరాదు, ఎక్కి చూడరాదు. 1912కు ఫోన్ చెయ్యాలె, లైన్‌మెన్‌ను పిలవాలె. దాని మీద ఇంతకంటె మాట లేదు.

డబ్బల మీటరు పెట్టే తీరు చెప్త. రెండు చేతులల్ల రెండు ప్రోబులు పట్టుకొని డబ్బల తల పెట్టుడు మన అందరి అలవాటు. అది మానుకోండ్రి. ఒక చేతిలకెల్లి ఇంకో చేతికి కరెంటు పోతె నడుమల గుండె ఉంది. మెయిన్ బందు పెట్టి, తొడుగున్న క్లిప్పులు రెండు టెర్మినల్స్‌కు కరిపించి, చేతులు బయటికి తీసి, అప్పుడు మెయిన్ వెయ్యాలె. మీటరు పక్కన పెట్టి కండ్లతోటి చదవాలె. మల్ల బందు పెట్టి క్లిప్పులు మార్చాలె. మూడు జతలు, ఆర్-వై, వై-బి, బి-ఆర్. ఐదు నిమిషాలు ఎక్కువైతది, కానియ్యి. ఇంట్ల అయితె ముందు నల్లది న్యూట్రల్‌కు, తర్వాత ఎర్రది ఫేజుకు. తీసేటప్పుడు ముందు ఎర్రదే. లేకుంటె నల్ల ప్రోబు గాలిల ఉంటది, దాని కొసకు మీటరులకెల్లి ఫేజు వస్తది. చక్రం ఎప్పుడైనా పెద్ద అంకె మీద మొదలు పెట్టాలె. ఓముల మీద చక్రం ఉంచి కరెంటుకు పెడితె మీటరు పోతది, అదృష్టం బాగుంటె మీటరే పోతది.

(ముందు వరుసలోంచి ఒక రైతు: మేస్త్రీ, గంత కథ ఎందుకు, మేం బందు పెట్టే పని చేస్తం కదా.)

మంచి మాట అడిగినవే అన్నా. బందు పెట్టిన అని ఎట్ల తెలుసు నీకు? ఇదివరకు కరెంటు టైముల ప్రకారం ఉండె, పోయిందంటె మల్ల ఎప్పుడొస్తదో మనకు ఎరుకే. 2018 జనవరి 1 సంది ఎవుసానికి 24 గంటల కరెంటు. ఇప్పుడు పోయిందంటె, ఏ నిమిషమైనా వస్తది. దానికి తోడు కరెంటు రాంగనె మోటరును తానే నడిపించే ఆటో స్టార్టర్లు. స్విచ్చి బందు పెడితె సరిపోదు, మూడు కిట్‌క్యాట్లు పీకి అంగి జేబుల వేస్కోవాలె. డబ్బ మీద పెట్టొద్దు, ఎవడో మంచితనంతోటి మల్ల పెడ్తడు.

అప్పుడు మీటరు. మా ఉస్తాద్ ఒక పద్ధతి నేర్పిండు. ఆయన అంత చదువుకున్నోడు కాదు, కాని ఈ పద్ధతే పెద్ద పెద్ద సబ్‌స్టేషన్లల్ల కూడ నడుస్తది. మీటరు తీస్కొని ముందు కరెంటు ఉన్నదని తెలిసిన కాడ పెట్టి చూడాలె, 230నో 415నో రావాలె. తర్వాత మనం పని చేసే కాడ పెట్టాలె, సున్నా రావాలె. తర్వాత మల్ల ఆ మొదటి కాడికే పోయి చూడాలె, మల్ల అంకె రావాలె. మూడు సార్లు. నడుమ సున్నాకు ఇటొకటి అటొకటి సాక్షి. నేను పిలగాన్ని అప్పుడు, "ఇప్పుడే చూసినం కదా ఉస్తాద్" అన్న. ప్రోబు మెడ కాడ వైరు పట్టి వంచి చూపెట్టిండు. పై తోలు మంచిగనే ఉంది, లోపట రాగి తెగి ఉంది. వంచితె అంకె వస్తది, సాపు చేస్తె సున్నా. నెత్తి మీద ఒకటి ఏసిండు కూడ.

వైరు తెగుడు ఒక్కటే కాదు. చక్రం డీసీ మీద ఉంటె 415 ఏసీ మీద పెట్టినా సున్నా దగ్గరనే ఉంటది. దీనికి ఉల్టా కూడ ఉంది. సింగిల్ ఫేజు సబ్‌మర్సిబుల్ ప్యానెల్‌ల కండెన్సర్ ఉంటది కదా, మెయిన్ బందు పెట్టినా అండ్ల చార్జీ నిలుస్తది. అది డీసీ. ఏసీ మీద పెట్టి చూస్తె సున్నా, ముడితె మోచేయి దాక ఎగిరేస్తది. చక్రం డీసీ మీద పెట్టి చూడాలె, హోల్డర్ బల్బు, అంటె హోల్డర్ల పెట్టిన పాత తీగ బల్బు, రెండు వైర్లు దానికి తగిలించి చార్జీ దించాలె. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టుడు బంద్ చేయండ్రి.

ఇగ డిండి కట్ట మీద ఇద్దరి కాడికి వస్త. ఇంట్ల బల్బు వెలగలేదు. స్విచ్చి వేసే ఉంది. హోల్డర్ల ఫేజుకు న్యూట్రల్‌కు మీటరు పెడితె సున్నా. కరెంటు లేదనుకుంటం. ఎనుక ఎక్కడనో న్యూట్రల్ తెగింది. అదే లైను మీద ఫ్యాను స్విచ్చి వేసి ఉంది, దాంట్లకెల్లి ఫేజు పోయి తెగిన న్యూట్రల్ వైరులకు వచ్చి కూసుంది. ఇప్పుడు రెండు వైర్లు కట్ట మీదనే ఉన్నయి. నడుమ తేడా సున్నా. నువ్వు నేల మీదున్నవు. న్యూట్రల్ వైరే కదా అని ముట్టినా 230 నీకే. అందుకే రెండు వైర్ల నడుమ చూస్తె సరిపోదు, ఒక్కొక్కటి ఎర్త్‌కు కూడ పెట్టి చూడాలె.

బాయికాడ ఇంకా గమ్మత్తు. ట్రాన్స్‌ఫార్మర్ పలక మీద 11000/433 అని రాసి ఉంటది, చదివిన్రా ఎన్నడన్న? ఆ 11 కేవీ దిక్కు మూడు హెచ్‌జీ (హార్న్ గ్యాప్) ఫ్యూజులల్ల ఒకటి పోయిందనుకో. ఇటు దిక్కు ఒక ఫేజు నిండ వస్తది, కడమ రెండు సగం సగం వస్తయి, న్యూట్రల్‌కు 120 అటు ఇటు. ఆ సగం వచ్చిన రెండు ఫేజులు ఒక్క తాళం మీదనే నడుస్తయి. ఆ రెండింటి నడుమ మీటరు పెడితె ఎంత చూపెట్టాలె చెప్పుండ్రి?

(ఒక విద్యార్థి: సున్నా సార్.)

శాబాష్. సున్నా, లేకుంటె పదో ఇరవైయో. కడమ రెండు జతల మీద 360 దగ్గర. రెండు ఫేజులు పోయినయనుకుంటడు రైతు, వైర్లు ఊడదీస్తడు. పోలే, రెండింట్ల 120 ఉన్నది, తడి మడిల నిలబడ్డోనికి అది చాలు. ఇండ్లల్ల పెట్టే ఆర్‌సీసీబీ, అంటె కరెంటు లీకైతె తానే బందయ్యే స్విచ్చి, 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోవాలని ఎందుకు పెట్టిన్రు? అంతకు మించితె గుండె లయ తప్పొచ్చు. మూడు ఫేజులు ఒకదానికొకటి మూడు సార్లు, ఒక్కొక్కటి ఎర్త్‌కు మూడు సార్లు. ఆరు సున్నాలు వస్తేనే సున్నా. ఎర్త్ కూడ బాగుండాలె, మన నేల రాయి నేల, ఎండకాలం ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటది. అందుకే బందు పెట్టకముందు, కరెంటు ఉన్నప్పుడే ఫేజుకు ఎర్త్‌కు పెట్టి అంకె వస్తదా చూసుకోవాలె. అప్పుడు రానిది తర్వాత సున్నా చూపెడితె ఏం లాభం?

సున్నా రావాల్సిన కాడ రాని ముచ్చట కూడ ఒకటి ఉంది, నా దుకాణానికి మోటర్లు తెచ్చేది అదే. నడుస్తున్న మోటరుకు ఒక ఫేజు పోయింది. మోటరు ఆగదు, గుర్రుమంటూ తిరుగుతనే ఉంటది. మీటరు పెట్టి చూస్తె మూడు జతల మీద వోల్టేజ్ దాదాపు మంచిగనే కనబడ్తది. ఎందుకంటె తిరిగే మోటరే ఆ పోయిన ఫేజుల వోల్టేజ్ పుట్టిస్తది. "మంచిగనే ఉండె మేస్త్రీ" అంటె ఇదన్నమాట. పది నిమిషాలకు వైండింగ్ మాడు వాసన. నడిచేటప్పుడు టాంగ్ టెస్టర్‌తోటి మూడు వైర్ల కరెంటు చూడాలె. 5 హెచ్‌పీ మోటరు మూడు వైర్లల్ల ఏడు ఏడున్నర ఆంపియర్లు సమానంగ పోవాలె. ఒకటి సున్నా, రెండు పన్నెండు పదమూడు ఉన్నయా, అప్పుడు బందు పెట్టు.

(వెనుక నుంచి: సార్, కిట్‌క్యాట్లు పీకినంక కూడ మా మీటరు 70, 80 చూపెడ్తది. మీటరు ఖరాబైందా?)

లేదు. బోరు కేబుల్ల పక్కపక్కనే వైర్లు ఉంటయి, పక్క వైరుల కరెంటు ఉంటె ఖాళీ వైరు మీద దాని నీడ పడ్తది. కోటి ఓముల మీటరు ఆ నీడను కూడ కొలుస్తది. హోల్డర్ బల్బు పెడితె ఆ నీడ మాయమైతది, నిజం కరెంటు అయితె బల్బు వెలుగుతది. రెండు ఫేజుల నడుమ పెట్టాలంటె ఒక్క తీరు వాట్ల బల్బులు రెండు వరుసగ కట్టుండ్రి, ఒక్క బల్బు 415కు పేలుతది. కాని మొదలే నీడ అనుకొని చెయ్యి పెట్టొద్దు, బల్బు చూసినంకనే. నియాన్ టెస్టర్ కూడ గీ నీడకు వెలుగుతది, చెప్పులేసుకొని చెక్క బల్ల మీద నిలబడితె నిజం కరెంటుకు కూడ వెలగకపోవచ్చు. జేబుకు అందం దానికి.

చాలు, ఎండ దిగింది. బయట జీపుల స్టార్టర్ డబ్బ ఉంది, తీస్కొచ్చి అరుగు మీద పెడ్త. ఒక్కొక్కరు వచ్చి ఆరు సార్లు పెట్టి చూడుండ్రి. అన్నా, నువ్వు అడిగినవు కదా, నువ్వే మొదలు. ఆగాగు, నేరుగ డబ్బ కాడికి పోకు. ముందు ఆ గోడ ప్లగ్గుల పెట్టి మీటరు ఎంత చెప్తదో చూసి రా.